వర్చువల్ ల్యాబులు: యంత్రం ఎవరి ఊళ్ళో ఉంటది?

2020లో వచ్చిన జాతీయ విద్యావిధానం ఒక మాట ఇచ్చింది. దీక్ష, స్వయం, స్వయంప్రభ వంటి వేదికలను వాడుకుని వర్చువల్ ల్యాబులు తయారుచేస్తారనీ, వాటితో విద్యార్థులందరికీ నాణ్యమైన ప్రయోగవిద్య సమానంగా అందుతుందనీ ఆ మాట సారాంశం. 2022 ఫిబ్రవరి 1న బడ్జెట్ చదువుతూ కేంద్ర ఆర్థికమంత్రి నిర్మలా సీతారామన్ దానికి లెక్క కూడా చెప్పారు. సైన్సు, గణితాలకు 750 వర్చువల్ ల్యాబులు, నైపుణ్య శిక్షణకు 75 ఈ-ల్యాబులు అన్నారు. 'అందరికీ', 'సమానంగా' అనే మాటలు కలిసి వినపడితే మనం కాస్త ఆగి వినాలి. ఊరి బావి అందరిదీ అన్నారు, బడి అందరిదీ అన్నారు. ఆ 'అందరి'లోకి మనోళ్ళు ఎప్పుడు చేరిండ్రో, ఎంత కొట్లాడితే చేరిండ్రో మనకు తెలుసు. అందుకే ఈ 'అందరి ల్యాబు'ను గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ జిల్లాల నుంచి నిలబడి పరీక్షించదలిచాం.

ముందుగా ఒక సంగతి స్పష్టం చేయాలి. కంప్యూటర్ మీద మాకు పగ లేదు. దళితులకు కొత్త సాంకేతిక విజ్ఞానం వద్దనే వాదన ఎవరిదైనా సరే, దాన్ని మేము ఒప్పుకోం. మా ప్రశ్న వేరు. ఒకే దేశంలో కొన్ని కాలేజీలకు పరికరాలూ, కొన్ని కాలేజీలకు పరికరాల బొమ్మలూ అందుతుంటే, ఆ పంపకం ఏ గీత వెంబడి జరుగుతున్నది?

ఈ ల్యాబులు ఎట్లా పుట్టినయో చూద్దాం. కేంద్ర మానవ వనరుల శాఖ 2009లో సమాచార సాంకేతికతల ద్వారా విద్య అనే జాతీయ మిషన్ కింద వర్చువల్ ల్యాబుల ప్రాజెక్టు మొదలుపెట్టింది. ఢిల్లీ ఐఐటీ ముందుండి నడిపింది. బొంబాయి, కాన్పూర్, ఖరగ్‌పూర్, మద్రాసు ఐఐటీలు, అమృత విశ్వవిద్యాలయం, మన హైదరాబాద్ ట్రిపుల్ ఐటీ వంటి సంస్థలు కలిశాయి. ఇప్పుడు 100కు పైగా ల్యాబులు, 700కు పైగా ప్రయోగాలు ఉన్నాయని ప్రాజెక్టు చెప్పుకుంటున్నది. ప్రయోగం పేజీ తెరిస్తే ఒక వరుస కనపడుతుంది: ఉద్దేశం, సిద్ధాంతం, ముందు పరీక్ష, చేసే విధానం, సిమ్యులేషన్, తర్వాత పరీక్ష. సిమ్యులేషన్ అంటే సూత్రాన్ని ప్రోగ్రాముగా రాసి, బొమ్మ తొడిగి, మనం మీట జరిపినప్పుడల్లా ఆ సూత్రం చెప్పే జవాబును తెర మీద చూపడం. రిమోట్ ల్యాబు అట్లా కాదు. అక్కడ నిజమైన యంత్రం ఎక్కడో ఒకచోట ఉంటుంది. దూరం నుంచి మనం ఆజ్ఞ పంపిస్తే అది నిజంగానే కదులుతుంది, నిజమైన రీడింగు వెనక్కి వస్తుంది. ఈ రెండింటినీ ఒకే గంపలో వేసి మాట్లాడటం సర్కారు కాగితాల్లో మామూలైపోయింది. మన వాదానికి మాత్రం ఈ తేడాయే కీలకం.

సిమ్యులేషన్‌లో మంచి లేదనడం అన్యాయం. 2005లో అమెరికాలోని కొలరాడో విశ్వవిద్యాలయంలో ఫింకెల్‌స్టయిన్ బృందం ఒక అధ్యయనం ప్రచురించింది. విద్యుత్ వలయాల పాఠంలో కొందరు విద్యార్థులకు అసలు బల్బులు, తీగలు ఇచ్చారు, మరికొందరికి కంప్యూటర్ సిమ్యులేషన్ ఇచ్చారు. సిమ్యులేషన్‌తో నేర్చినవాళ్ళు భావనల పరీక్షలోనూ, తర్వాత నిజమైన వలయం కట్టడంలోనూ ముందున్నారు. తీగలో కంటికి కనపడని ఎలక్ట్రాన్ల నడకను తెర చూపించగలదు, తీగ చూపించలేదు. 2013లో 'సైన్స్' పత్రికలో డి యోంగ్, లిన్, జకారియా చేసిన సమీక్ష కూడా వర్చువల్ ల్యాబుకు దాని బలం ఉందనీ, రెండూ కలిపితే మేలు జరిగే సందర్భాలు ఉన్నాయనీ తేల్చింది. డేటా స్ట్రక్చర్స్, క్రిప్టోగ్రఫీ లాంటి పాఠాలకైతే వస్తువే కంప్యూటర్ లోపల ఉంటుంది కాబట్టి పోయేదేమీ లేదు. ఈ ఫలితాలను దాచి వాదించడం మన పని కాదు. అయితే కొలరాడో విద్యార్థుల ముందు చివరికి నిజమైన తీగలు, బల్బులు పెట్టి పరీక్షించారన్న విషయాన్ని మాత్రం వర్చువల్ ల్యాబును పొగిడేవాళ్ళు ఎత్తరు. ఆ పిల్లలకు తెర తర్వాత బల్ల ఉన్నది. మన పిల్లలకు తెర తర్వాత ఏమున్నది?

పదార్థంతో పని ఉన్నచోట తెర ఏం ఒదిలేస్తుందో ఒకటి రెండు ఉదాహరణలు చూద్దాం. ఇంటర్మీడియట్‌లో మీటర్ బ్రిడ్జి ఉంటది. మీటరు పొడవు తీగ మీద జాకీ ఆనించి గాల్వనోమీటర్ ముల్లు సున్నా చూపే చోటు వెతకాలి. కనెక్షన్ ఎక్కడన్నా వదులైతే ముల్లు ఒక్కదిక్కే కొట్టుకుంటది. అప్పుడు విద్యార్థి ప్రతి స్క్రూ బిగించి చూడాలి, తీగ చివర్లను గీకు కాగితంతో రుద్దాలి, బ్యాటరీ అనుమానించాలి. అరగంట పోతుంది. ఆ అరగంటలోనే వలయం అంటే ఏందో వేళ్ళకు తెలుస్తుంది. తెర మీది మీటర్ బ్రిడ్జికి వదులైన స్క్రూ ఉండదు. గోధుమ వలయం పరీక్షలో గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లాన్ని పరీక్షనాళిక గోడ వెంట నిదానంగా జార్చాలి. చెయ్యి వణికితే వలయం చెదిరిపోతుంది. సల్ఫైడ్‌ను కుళ్ళిన గుడ్డు వాసనతో పోల్చుకోవాలి, అమ్మోనియా ముక్కును కొట్టాలి. తెరకు ముక్కు లేదు. ప్రయోగం అంటే ప్రకృతి మన సూత్రానికి ఎదురు చెప్పే అవకాశం ఉన్న చోటు. సిమ్యులేషన్‌లో సూత్రమే ప్రకృతి వేషం కట్టి వస్తుంది. కాబట్టి అది ఎన్నడూ ఎదురు చెప్పదు.

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. ఈ దేశంలో చేతికీ బుద్ధికీ మధ్య గోడ కట్టింది కులం. కులం పనుల విభజన మాత్రమే కాదనీ, పనిచేసే మనుషుల్నే మెట్లుమెట్లుగా విభజించడమనీ అంబేద్కర్ 1936లోనే 'కుల నిర్మూలన'లో తేల్చి చెప్పాడు. చేసేవాడికి చదువు లేదు, చదివేవాడు చెయ్యడు. ఇంజనీరింగ్ చదువు ఈ గోడను బద్దలు కొట్టాల్సింది. కానీ జరిగింది వేరు. అజంతా సుబ్రమణియన్ 2019లో వెలువరించిన 'ద కాస్ట్ ఆఫ్ మెరిట్' పుస్తకం మద్రాసు రాష్ట్రాన్నీ, మద్రాసు ఐఐటీనీ తీసుకుని ఈ చరిత్రనే విప్పింది. చేతివృత్తుల కులాల దగ్గరున్న సాంకేతిక జ్ఞానం వలసపాలన కాలం నుంచి క్రమంగా తరగతి గదిలోకి, అగ్రకులాల చేతుల్లోకి ఎట్లా మారిందో, చేతిపని దిగజారి లెక్కా సిద్ధాంతమూ 'ప్రతిభ'గా ఎట్లా నిలిచాయో అందులో చూడవచ్చు. ఈ చరిత్రలో పెట్టి చూస్తే ల్యాబుకు ఉన్న విలువ తెలుస్తుంది. మొత్తం చదువులో చెయ్యీ బుద్ధీ ఒక్క బల్ల మీద కలిసే గది అదొక్కటే. ఆ గదికే తాళం పడుతున్నది.

ఆ గది ఇదివరకు మనకు బార్లా తెరిచి ఉందని కాదు. మేము డిగ్రీ చదివిన కాలేజీలో ఆరుగురికి ఒక పరికరం. పట్నం నుంచి వచ్చిన, ఇంగ్లీషు మాట్లాడే, ఇంట్లో స్క్రూడ్రైవర్ కాకపోయినా ధైర్యం ఉన్న పిల్లలు పరికరం ముందు నిలబడేవాళ్ళు. హాస్టల్ పిల్లలం వెనక నిలబడి రీడింగులు రాసుకునేవాళ్ళం. పగిలితే ఎవరు కట్టాలన్న భయం మా చేతుల్ని జేబుల్లోనే ఉంచేది. మంచి మైక్రోస్కోపులు బీరువాలో ఉండేవి, తనిఖీ నాడు బయటికి వచ్చేవి. ముట్టకుండా ల్యాబు దాటించడం వర్చువల్ ల్యాబుతో మొదలు కాలేదు. అది ఆ అలవాటుకు ఒక సాకు మాత్రం తెచ్చిపెట్టింది. బీరువా తాళం తీయని ప్రిన్సిపాల్ ఇప్పుడు 'అన్నీ ఆన్‌లైన్‌లో ఉన్నయ్ కదా' అనగలడు.

ఈ మూడు జిల్లాలు 2016 అక్టోబర్ 11న పాలమూరు నుంచి విడివడ్డాయి. 2011 జనగణన లెక్కల్ని కొత్త హద్దుల ప్రకారం చూస్తే జోగులాంబ గద్వాలలో అక్షరాస్యత సగానికి కూడా చేరలేదు. మనోళ్ళు చదువుకునే చోట్ల చరిత్ర కూడా గమనించదగ్గది. గద్వాలలో ప్రభుత్వ డిగ్రీ కాలేజీ పాత సంస్థానపు కోటలో నడుస్తున్నది, దానికి మహారాణి ఆదిలక్ష్మీదేవమ్మ పేరు. వనపర్తిలో పాలిటెక్నిక్ రాజా వారి ప్యాలెస్‌లో నడిచింది. తాతలు గేటు బయట చెప్పులు విడిచి నిలబడిన కోటల్లోకి మనవలు నోటుబుక్కులతో నడిచిపోవడం చిన్న సంగతి కాదు. 2008లో పాలమూరు విశ్వవిద్యాలయం వచ్చింది. గద్వాల, వనపర్తిలలో దాని పీజీ సెంటర్లు నడిచాయి. 2021లో వనపర్తికి జేఎన్‌టీయూ ఇంజనీరింగ్ కాలేజీ వచ్చింది. గేటు తెరుచుకున్నది. లోపల బల్ల మీద ఏం పెడతారన్నదే ఇప్పటి కొట్లాట.

తెర అన్నా అందరికీ ఉందా అంటే, 2017-18 జాతీయ నమూనా సర్వే లెక్కల్లో దేశంలోని పల్లె కుటుంబాల్లో కంప్యూటర్ ఉన్నవి 4.4 శాతం, ఇంటర్నెట్ సౌకర్యం ఉన్నవి 14.9 శాతం. ఆ తర్వాత ఫోన్లు బాగా పెరిగినయి, నిజమే. కానీ కంప్యూటర్ తెర కోసం గీసిన వలయాన్ని ఇంట్లో నలుగురికి కలిపి ఉన్న ఒక్క ఫోన్‌లో, అచ్చంపేట అవతల నల్లమల పెంటల్లో సిగ్నల్ వెతుక్కుంటూ చూడటం వేరు. సిద్ధాంతం పేజీలన్నీ ప్రధానంగా ఇంగ్లీషులో ఉంటాయి, మన పిల్లల్లో చాలామంది తెలుగు మీడియం నుంచి వచ్చినవాళ్ళు. ఇంకొక సంగతి. మొదట్లో చేసిన చాలా సిమ్యులేషన్లు ఫ్లాష్, జావా ఆప్లెట్ల మీద నడిచేవి. 2020 డిసెంబర్ 31న అడోబీ కంపెనీ ఫ్లాష్‌ను ఆపేసింది. ప్రయోగాలను మళ్ళీ కొత్తగా రాసుకోవాల్సి వచ్చింది. గాజు బ్యూరెట్ పగిలేదాకా పనిచేస్తుంది, ఏ కంపెనీ నిర్ణయంతోనూ ఆగిపోదు.

కరోనా కాలం మనకు ఒక పాఠం చెప్పింది. 2020 సెప్టెంబర్ నుంచి తెలంగాణలో పాఠాలు దూరదర్శన్‌లో, టీ-శాట్‌లో వచ్చాయి. 2021లో ఇంటర్ రెండో సంవత్సరం పరీక్షలు రద్దయ్యాయి, ప్రాక్టికల్స్‌కు పూర్తి మార్కులు వేశారు. ఆ రోజుల్లో అంతకన్నా చేయగలిగింది లేదు, తప్పు పట్టడం లేదు. అయితే పిపెట్ పట్టకుండానే ప్రాక్టికల్స్‌లో నూటికి నూరు రావచ్చని వ్యవస్థకు ఒకసారి తెలిసింది. అది ఆపద్ధర్మం. ఆపద్ధర్మాన్ని ధర్మం చేస్తే ఎవరికి లాభం? ల్యాబ్ అసిస్టెంట్ పోస్టు నింపకుండా, రసాయనాలు కొనకుండా, గ్యాస్ సిలిండర్ తెప్పించకుండా కాలేజీ నడపదలచినవాళ్ళకు లాభం. మంచి కార్పొరేట్ కాలేజీ తన ప్రకటనలో పరికరాల ఫోటో వేసుకుంటుంది గాని, పరికరాలు లేవు, లింకు ఉన్నదని వేసుకోదు.

మన పిల్లలు ల్యాబుకు కొత్తవాళ్ళన్నట్టు మాట్లాడటం ఇంకొక అన్యాయం. కృష్ణా తుంగభద్రల నడుమ నడిగడ్డలో సీడు పత్తి పండుతుంది. సాయంత్రం పూట మొగ్గను విప్పి, ఆడ భాగానికి దెబ్బ తగలకుండా బొటనవేలి గోటితో పుప్పొడి తిత్తులు ఒలిచెయ్యాలి. మర్నాడు పొద్దున మగపువ్వు తెచ్చి పుప్పొడి రుద్దాలి. దాన్ని పొలంలో 'క్రాసింగ్' అంటరు, బోటనీ పుస్తకంలో విపుంసీకరణం, కృత్రిమ పరాగసంపర్కం అంటరు. ఈ పని చేసేది ఎక్కువగా ఆడవాళ్ళు, ఆడపిల్లలు. అందులో దళితుల పిల్లలెందరో. ఈ పొలాల్లో బాలకార్మికుల సమస్య ఎన్నో ఏళ్ళుగా చర్చలో ఉన్నదే. సెలవుల్లో వేల పువ్వులు క్రాసింగ్ చేసిన అమ్మాయి కాలేజీకి వచ్చి, తెర మీద పట్టకారు బొమ్మను పువ్వు బొమ్మ మీదికి లాగి 'సరైన జవాబు' అనిపించుకోవాలా? పొలంలో ఆమె చేతికి కూలీ కట్టారు, జ్ఞానం కట్టలేదు. ఆ పని చేయించుకున్న పెద్దలు విత్తనం మీద లాభం తీసుకున్నారు. కాలేజీ అయినా ఆ చేతిని గుర్తుపట్టి, మైక్రోస్కోపు కింద అదే పుప్పొడిని పెట్టి చూపిస్తే ఆమెకు సైన్సు తన ఇంటి సంగతి అనిపిస్తుంది.

మాదిగవాడలో లంద కూడా అంతే. తోలును సున్నపు నీళ్ళలో నానబెట్టి వెంట్రుక ఊడదీసి, తంగేడు చెక్క రసంలో ఊరబెడితే ఆ చెక్కలోని టానిన్ తోలులోని కొలాజన్‌తో కలిసి దాన్ని కుళ్ళకుండా నిలుపుతుంది. నీళ్ళు చాలా, చెక్క ఎక్కువైందా అన్నది మనోళ్ళు రంగుతో, వాసనతో, వేలితో పోల్చుకున్నారు. కంచ ఐలయ్య 2009 నాటి 'పోస్ట్ హిందూ ఇండియా'లో మాదిగలను కింది కులాల శాస్త్రవేత్తలుగా నిలబెట్టింది ఈ లెక్కనే. లందను మళ్ళీ మన నెత్తిన పెట్టమని మేము చెప్పడం లేదు. ఆ కంపు నుంచి బయటపడే హక్కు మనది. ఆ జ్ఞానాన్ని కెమిస్ట్రీగా పిలిపించుకునే హక్కూ మనదే.

నాగర్‌కర్నూల్ జిల్లాలో కొల్లాపూర్ దగ్గర నార్లాపూర్‌లో పాలమూరు-రంగారెడ్డి ఎత్తిపోతల తొలి పంపును 2023 సెప్టెంబర్ 16న నడిపించారు. ఒక్కొక్క పంపు 145 మెగావాట్లు. గద్వాలకు దగ్గరలో కృష్ణ మీద జూరాల, దాని విద్యుత్ కేంద్రంలో టర్బైన్లు. దేశంలో ఎక్కడ డ్యాం కట్టినా తట్ట మోసింది 'పాలమూరు లేబర్' అని పేరు. తాత తట్ట మోసినచోట, నాయిన సొరంగంలో కాంక్రీటు పోసినచోట, మనవడు సెంట్రిఫ్యూగల్ పంపును తెర మీద బాణం గుర్తులతో నేర్చుకుంటున్నాడు. ఆ పంపుహౌస్‌లో వారం రోజుల శిక్షణను ఈ మూడు జిల్లాల ఇంజనీరింగ్, పాలిటెక్నిక్ విద్యార్థులకు సిలబస్‌లో పెట్టడానికి ఏ ఐఐటీ అనుమతి కావాలి?

ఏకలవ్యుడి కథ మనకు కొత్త కాదు. అయితే ఇక్కడ ఒక కోణం గమనించాలి. అతని గురువు మట్టి బొమ్మ, ఆ మేరకు అతనిది దూరవిద్యే. కానీ విల్లు నిజమైనది, అడవి నిజమైనది, తగిలే గురి నిజమైనది. గురువు లేకపోయినా అతను విలుకాడైంది అందుకే. ద్రోణుడికి కూడా ఆ సంగతి తెలుసు గనుకనే బొమ్మను తీసెయ్యమనలేదు, వేలు అడిగాడు. వర్చువల్ ల్యాబులో గురువూ బొమ్మే, విల్లూ బొమ్మే. వేలు కోయాల్సిన పని కూడా లేదు, దానికి పని చెప్పకుండా ఉంటే చాలు.

మరి దారి ఏమిటి? రిమోట్ ల్యాబు సంగతి ఇక్కడ పనికొస్తుంది. 1998లో అమెరికాలోని ఎంఐటీలో హెసూస్ డెల్ అలామో ట్రాన్సిస్టర్ల లక్షణాలు కొలిచే ఖరీదైన యంత్రాన్ని ఇంటర్నెట్‌కు కలిపాడు. అది ఐల్యాబ్‌గా పెరిగి నైజీరియాలోని ఒబఫెమి అవొలొవొ, ఉగాండాలోని మకెరెరె, టాంజానియాలోని దారెస్సలాం విశ్వవిద్యాలయాలకు చేరింది. మొదట ఆఫ్రికా విద్యార్థులు అమెరికాలోని యంత్రాన్ని దూరం నుంచి వాడారు. తర్వాత అక్కడివాళ్ళు తమ క్యాంపస్‌లోనే తమ యంత్రాలతో రిమోట్ ల్యాబులు కట్టుకున్నారు. మనం చూడాల్సింది ఆ రెండో అడుగును. దానికి కోట్లు కావాలని కూడా లేదు. బొంబాయి ఐఐటీలో కన్నన్ మౌద్గల్య బృందం చేసిన సింగిల్ బోర్డ్ హీటర్ సిస్టమ్ అంటే ఒక చిన్న హీటరు, ఒక ఫ్యాను, ఉష్ణోగ్రత కొలిచే సెన్సరు, ఒక మైక్రోకంట్రోలరు. దాంతో కంట్రోల్ ఇంజనీరింగ్ ప్రయోగాలు దూరం నుంచి చేయించారు. హైదరాబాద్ ట్రిపుల్ ఐటీ పరిశోధకులు కూడా ఈమధ్య బడి స్థాయి భౌతికశాస్త్ర ప్రయోగాలకు రిమోట్ ల్యాబులు చేశారు.

రిమోట్ ల్యాబు నడపాలంటే యంత్రం పక్కన ఎవరో ఉండాలి. తీగ తెగితే అతకాలి, సెన్సరు తప్పు చెప్తే సరిచేయాలి, దుమ్ము తుడవాలి. దూరం నుంచి మీట నొక్కినవాడికంటే పక్కనుండి యంత్రాన్ని బతికించేవాడికే ఎక్కువ ఇంజనీరింగ్ వస్తుంది. అందుకని మా ప్రతిపాదన ఇది: యంత్రాలను గద్వాలలో, వనపర్తిలో, నాగర్‌కర్నూల్లో పెట్టండి. వాటిని కట్టి నడిపే పని ఇక్కడి పాలిటెక్నిక్, డిగ్రీ, గురుకుల కాలేజీల విద్యార్థులకు జీతంతో, క్రెడిట్లతో ఇవ్వండి. హైదరాబాద్ పిల్లలు, ఢిల్లీ పిల్లలు దూరం నుంచి లాగిన్ అయి వాడుకోనీ. సమానత్వం మీద అంత నమ్మకం ఉన్నవాళ్ళకు ఇందులో అభ్యంతరం ఉండకూడదు. అభ్యంతరం ఉందంటే, దూరం నుంచి నేర్చుకోవడం తమ పిల్లలకు చాలదని వాళ్ళు ఒప్పుకున్నట్టే.

మేఘనాథ్ సాహా జీవితం ఈ విషయంలో మనకు సాక్ష్యం. తక్కువ కులంగా చూడబడ్డ ఇంట్లో పుట్టి, కలకత్తా ఈడెన్ హిందూ హాస్టల్లో వేరుగా కూర్చుని తినాల్సి వచ్చిన మనిషి. 1920లో నక్షత్రాల వెలుగును చదవడానికి తాళంచెవి లాంటి అయనీకరణ సమీకరణం ఇచ్చాడు. దాన్ని ప్రయోగంతో పరీక్షించడానికి ఇక్కడ పరికరాలు లేక బెర్లిన్‌లో నెర్న్స్‌ట్ ల్యాబుకు వెళ్ళాల్సి వచ్చింది. అందుకే తర్వాత కలకత్తాలో సైక్లోట్రాన్ కట్టించడానికి ఏళ్ళ తరబడి కొట్లాడాడు. సమీకరణం రాయగలిగినవాడికి కూడా యంత్రం తన ఊళ్ళో లేకపోతే ఎంత లోటో ఆయనకు తెలుసు.

ఈ పత్రిక చదివే అధ్యాపకులకు, విద్యార్థి సంఘాల మిత్రులకు కొన్ని పనులు గుర్తుచేస్తున్నాం. వర్చువల్ ల్యాబు ప్రయోగానికి ముందూ తర్వాతా వాడుకోండి, తెలుగులో వివరించి వాడుకోండి. ప్రయోగానికి బదులుగా మాత్రం ఒప్పుకోవద్దు. చేత్తో చేయని ప్రయోగానికి ప్రాక్టికల్ మార్కులు వేయకూడదని బోర్డ్ ఆఫ్ స్టడీస్‌లో రాయించండి. న్యాక్ తనిఖీకి వచ్చిన వాళ్ళకు చూపే పరికరాల జాబితాను సమాచార హక్కు కింద అడిగి తీసుకోండి. అందులో ఎన్ని పనిచేస్తున్నాయి, ఒక్కో పరికరానికి ఎంతమంది విద్యార్థులు, నిరుడు రసాయనాలకు ఎంత ఖర్చు పెట్టారు, ల్యాబ్ అసిస్టెంట్ పోస్టు ఎన్నేళ్ళుగా ఖాళీ అన్న నాలుగు ప్రశ్నలు వెయ్యండి. గురుకులాల్లో, ప్రభుత్వ కాలేజీల్లో ఒకేరోజు ఈ నాలుగు ప్రశ్నలూ అడిగితే, ఏ కాలేజీకి బల్ల ఇచ్చారో, ఏ కాలేజీకి బొమ్మ ఇచ్చారో మూడు జిల్లాల లెక్క మన చేతికి వస్తుంది. ఆ లెక్క పట్టుకుని మాట్లాడదాం.